నెలాఖరు హిసాబ్

ఉర్దూలో తారీఖ్ అంటే తేదీ, చరిత్ర కూడా. మా చిట్కుల్‌లో కిరాయి ఇళ్లలో ఉండే కార్ఖానా మజ్దూర్లకు నెలాఖరు తారీఖే పెద్ద ఫికర్. నెలనెలా 31న కిస్తు కట్టాలని రాసుకున్నవాడికి ఫిబ్రవరిలో 31 ఎక్కడిది? ఈ సవాల్ కంప్యూటర్లతో పుట్టలేదు.

హిజ్రీ నెల చాంద్‌ని బట్టి 29 రోజులో, 30 రోజులో ఉంటుంది. ఏడాదికి సుమారు 354 రోజులు. పంటకు చాంద్‌తో పని లేదు, ఎండావానలతోనే పని. హిజ్రీ లెక్కన శిస్తు వసూలు చేస్తే, సుమారు 33 ఏళ్లకు ఒక ఏడాది మాల్‌గుజారీ రైతు నెత్తిన అదనంగా పడుతుంది. ఆ జుల్మ్ తప్పించడానికే ఫస్లీ సన్ వచ్చింది. దక్కన్‌లో షాజహాన్ 1636లో, అంటే హిజ్రీ 1046లో, దాన్ని మొదలుపెట్టాడు. అందుకే ఫస్లీకీ ఇంగ్లీషు ఏడాదికీ 590 ఏళ్ల ఫరక్. నిజాం దఫ్తర్లు దీని మీదే నడిచాయి.

నెలాఖరు ఫైసలా మాత్రం బ్రిటిష్ ఇండియాలో 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో ఉంది. ముద్దతు తీరే నెలలో ఆ తారీఖు లేకపోతే, ఆ నెల ఆఖరు రోజే గడువు. చట్టమే మిసాల్ ఇచ్చింది: 1878 ఆగస్టు 30న రాసిన కాగితానికీ, 31న రాసినదానికీ మూడు నెలల ముద్దతు నవంబరు 30నే తీరుతుంది. పైన మూడు రోజుల మోహలత్ కలిపితే రెండూ డిసెంబరు 3కే వస్తాయి.

నేటి సాఫ్ట్‌వేర్‌కూ ఇదే ఉసూల్. కాకపోతే ప్రతి కిస్తునూ అసలు తారీఖు నుంచే లెక్కగట్టాలి. జనవరి 31 తర్వాత ఫిబ్రవరి 28 సరే. ఆ 28కి మళ్లీ నెల కలిపితే మార్చి 28 వస్తుంది, రావలసింది 31. మజ్దూర్ చేతిలోంచి మూడు రోజులు గాయబ్!

ఆ మూడు రోజులు చిన్నవి కావు. 2025 దాకా అమలులో ఉన్న 1936 వేతనాల చెల్లింపు చట్టం వెయ్యి మందికి లోపు పనిచేసే చోట తన్ఖాకు 7వ తారీఖు దాకా, అంతకు మించితే 10 దాకా గడువిచ్చేది. 2021 ఆగస్టు 1 నుంచి బ్యాంకుల నాచ్ వసూళ్లు ఆదివారాలూ నడుస్తున్నాయి. ఇతవార్ ఇచ్చే ఒక్కరోజు మోహలత్ కూడా పోయింది.

కాబట్టి భాయ్, కాగితం మీద దస్తఖత్ పెట్టే ముందే కిస్తు తారీఖు తన్ఖా తర్వాత పడేలా అడిగి రాయించుకోండి. అప్పట్లో రైతు పంటను చూసి సర్కారే సన్ మార్చుకుంది. మజ్దూర్ తన్ఖా చూసి ఒక తారీఖు మార్చడం బ్యాంకుకు ముష్కిల్ కాదు.