నెల్లూరు తీరమున దీపములు ఆర్పిన రాత్రులు

మన సంఘముల చరిత్ర వ్రాయునప్పుడు దేవాలయములు కట్టిన సంవత్సరములను, సేవచేసిన దైవజనుల పేర్లను వ్రాయుట వాడుక. అది మంచిదే. అయితే కష్టకాలములో ఇంటిని, బిడ్డలను, కుటుంబ ప్రార్థనను నిలిపిన స్త్రీల మాట ఆ పుటలలో అంతగా కానరాదు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున మన తీరవాసులు పడిన భయము అట్టి వ్రాయబడని చరిత్రలలో ఒకటి. దానిని కొంతవరకైనను ఈ సంచికలో చెప్పదలచితిమి.

యుద్ధము మన తెలుగువారిని మొదట తాకినది రంగూనులో. 1941 డిసెంబరు 23న ఒకమారు, తిరిగి క్రిస్మసు దినముననే మరియొకమారు, జపాను విమానములు ఆ పట్టణముపై బాంబులు వేసెను. అక్కడి రేవులోను, బియ్యపు మిల్లులలోను పనిచేయుచుండిన తెలుగువారు వేలకొలది. సుమారు 5 లక్షల భారతీయులు బర్మా విడిచిరని అంచనా. కొండలు, అడవులు కాలినడకన దాటుచు దారిలోనే కన్నుమూసినవారు లెక్కకు మించి యుండిరి. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు, మార్చి 8న రంగూను, మార్చి 23న అండమానులోని పోర్టు బ్లెయిరు జపాను వశమాయెను. ఇక శత్రువునకును మనకును నడుమ బంగాళాఖాతము మాత్రమే మిగిలెను.

ఆ యేడు ఏప్రిల్ 5 ఈస్టరు ఆదివారము. ఆ ఉదయమే కొలంబోపై విమానదాడి జరిగెను. మరునాడు, అనగా ఏప్రిల్ 6న, 'ర్యూజో' అను జపాను విమానవాహక నౌకనుండి లేచిన విమానములు విశాఖపట్టణముపైన, కాకినాడపైన బాంబులు వేసెను. ఆ కొద్ది దినములలోనే బంగాళాఖాతములో సుమారు 20 వర్తక నౌకలు మునిగిపోయెను. విశాఖలో ప్రాణనష్టము స్వల్పమే అయినను జనులు వేలకొలది ఇండ్లు విడిచి పల్లెలకు పారిపోయిరి. జపాను నౌకాదళము మద్రాసుపైకి వచ్చుచున్నదను వదంతితో ఆ మహానగరము కూడ చాలవరకు ఖాళీ అయ్యెను. ప్రభుత్వ కార్యాలయములు కొన్ని లోపలి జిల్లాలకు తరలింపబడెను.

అప్పుడు మన తీరమున ఎట్లుండెను? మేము సేవలో ప్రవేశించిన తొలి సంవత్సరములలో, బకింగుహాము కాలువ కట్టనున్న ఒక గ్రామములో, వృద్ధురాలైన ఒక అవ్వ మాకు ఆ దినములను గూర్చి చెప్పుచుండెను. 1942లో ఆమెకు పదునెనిమిదేండ్లు. పెండ్లియై ఏడాది నిండలేదు. చీకటి పడకముందే అన్నము వండి పొయ్యి ఆర్పివేయుదురట. సముద్రము వైపు వెలుగు పోకుండ లాంతరును పగిలిన కుండ క్రింద ఉంచుదురట. శ్రీహరికోట కట్టెలు మద్రాసుకు చేర్చు పడవలవారు ఊరూరి వదంతులను మోసుకొని వచ్చుచుండిరి. మద్రాసునుండి బంధువులు ఒక ట్రంకు పెట్టెతో దిగగా, నలుగురుండు పూరింట పదకొండుగురు పడుకొనిరట. బర్మా బియ్యము రాక నిలిచిపోయినందున గంజినే అందరికి సమముగా పోయుట కోడలైన తన పని అని ఆమె చెప్పెను. కిరోసిను దొరకనందున 91వ కీర్తనను చీకటిలోనే కంఠతా చెప్పుకొనుచుండిరట.

తమ ఊరి దగ్గరనే బాంబు పడిన మోత విన్నానని కూడ ఆమె గట్టిగా నమ్మెను. అయితే మన తీరముపై బాంబు పడినట్లు చరిత్రలో కానరాదు. జపాను వారు వెదకినది రేవులను, ఓడలను. నేడు మనము చూచుచున్న కృష్ణపట్నము మహారేవు అప్పుడు లేదు. మద్రాసుపై బాంబులు పడినది 1943 అక్టోబరులో, అదియు ఒంటరి విమానమునుండి. కాబట్టి ఆమె విన్నది ఉరుమో, సముద్రఘోషయో కావచ్చును. అంతమాత్రమున ఆమె సాక్ష్యము వ్యర్థమా? కాదని మా అభిప్రాయము. బాంబు ఎక్కడ పడినదో కాగితములు చెప్పును. పడని చోట జనులు ఏమి అనుభవించిరో, ఎవరు ఎవరికి తలుపు తీసిరో ఆ కాగితములలో లేదు. రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చదివిననే చరిత్ర నిండును.

ఆ అవ్వ ప్రభువునందు నిద్రించి చాలా ఏండ్లయినది. ఆ తరమువారు నేడు బహు అరుదు. అయినను వారి నోట విన్న కుమార్తెలు, కోడండ్రు మన మధ్య ఉన్నారు. ప్రియ సంఘస్థులారా, మీ ఇంటి పెద్దల వలన విన్నదానిని ఊరి పేరుతో, సంవత్సరముతో ఒక నోటు పుస్తకములో వ్రాసి సంఘ కార్యాలయమునకు అందజేయుడి. సందేహమున్నచోట సందేహమని వ్రాయుడి. బాప్తిస్మముల రిజిష్టరును, వివాహముల రిజిష్టరును భద్రపరచినట్లే దీనిని కూడ భద్రపరచుట మన బాధ్యత.