తూటా లేని తుపాకి

యుద్ధకాలపు రివాల్వరును చూసినవారు దాని సొంపును మెచ్చుకుంటారు. ఎరిగినవారు ముందుగా దానిపై చెక్కిన కొలతను వెదుకుతారు. బ్రిటిషు సైన్యం 1915లో స్వీకరించిన వెబ్లీ ఆరవ నమూనాది .455 అంగుళాల కొలత. 1930లలో వచ్చిన ఎన్‌ఫీల్డుది.38. ఒకదాని తూటా మరొకదానికి చెల్లదు. పేరు కలిసినంత మాత్రాన సరిపోదు సుమా! అమెరికా వారి '.38 స్పెషల్' ఎన్‌ఫీల్డు తూటా కంటె సన్నము, పొడవు.

ఈ సూక్ష్మం తెలిస్తే మన్యపు పోరాటం మరింత స్పష్టంగా బోధపడుతుంది. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలను ముట్టడించి 26 తుపాకులను, సుమారు 2,500 తూటాలను చేజిక్కించుకున్నాడు. తుపాకి, దానికి తగిన తూటా ఒకేచోట దొరికేది ఠాణాలోనే కదా! అయినా తుపాకికి నూటికి మించి రావు. విల్లంబులు అడవిలో సిద్ధమవుతాయి. ఆ తూటాలు కావు. అక్టోబరులో అడ్డతీగల, రంపచోడవరం ఠాణాలకు వెళ్ళేసరికి ఆయుధాలను ముందే తరలించివేశారు.

1924 మే 7న కొయ్యూరులో రాజు నేలకొరిగాడు. 1959 వరకు తూర్పు గోదావరి జిల్లాలోనే ఉన్న మా భద్రాచల సీమ కూడ ఆ మన్యపు అంచే. ఇక్కడ ఆయన ధైర్యసాహసాలను పాడుకుంటాము. ఆ ధైర్యం వెనుక ఒక్కొక్క తూటాను లెక్కపెట్టుకొన్న వేళ్ళను కూడ తలచుకోవాలి.