తక్కువ డబ్బుతో గేమింగ్ కంప్యూటర్ – చరిత్ర చెప్పే పాఠం

మన కోలారు జిల్లాకు యంత్రాలు కొత్త కాదు. కె.జి.ఎఫ్. బంగారు గనుల్లో మొదట ఆవిరి యంత్రాలు నడిచేవి. 1902లో కావేరి మీది శివనసముద్రం నుంచి సుమారు 147 కిలోమీటర్లు తీగలు లాగి గనులకు కరెంటు తెచ్చారు. ఎంత గొప్ప యంత్రమైనా దానికి అందే శక్తి సరిగ్గా ఉంటేనే నడుస్తుంది.

కంప్యూటరుకూ అంతే. పేరులేని చవక పవర్ సప్లై కొంటే అది పోతూ పోతూ మిగతా పార్టులను కూడా పాడు చెయ్యొచ్చు. కాబట్టి అక్కడ పీనాసితనం పనికిరాదు.

రెండోది గ్రాఫిక్స్ కార్డు. 1999లో ఎన్విడియా కంపెనీ జీఫోర్స్ 256 తెచ్చి, దాన్ని జీపీయూ అని పిలిచింది. అంతకుముందు ప్రాసెసర్ చేసే బొమ్మల లెక్కలు చాలావరకు కార్డు మీదికి వచ్చాయి. అందుకే గేముల కోసమైతే డబ్బులో పెద్ద వాటా కార్డుకే పెట్టాలి.

అంత డబ్బు లేకపోతే? 2021లో వచ్చిన రైజెన్ 5 5600జి ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉంది. చిన్న గేములు దానితో ఆడుకోవచ్చు, కార్డు తర్వాత కొనుక్కోవచ్చు. దానికి ర్యామ్ ఒకే 16 జీబీ ముక్క కంటే రెండు 8 జీబీ ముక్కలు మేలు; రెండు దారుల్లో డేటా వేగంగా అందుతుంది.

రంగు లైట్లు, అద్దాల పెట్టె గేము వేగాన్ని పెంచవు. తమక నుంచి బెంగళూరు ఎస్.పి. రోడ్డుకు బయలుదేరే ముందే చీటీ రాసుకుందాం. ఇంట్లోవాళ్ళ కష్టార్జితం మెరుపులకు కాదు, పనికొచ్చే పార్టులకే ఖర్చు కావాలి.