క్లాసు ఫస్టు వచ్చిన యాన్

నా పిహెచ్.డి. పూర్తయిన ఏడాది, పెళ్లి సంబంధాల కోసం రాసిన కాగితంలో అమ్మ నా చదువుని ఎం.ఏ. దగ్గర ఆపేసింది. "డాక్టరేట్ అని రాస్తే ఎవరూ రారే. తర్వాత మెల్లిగా చెప్పుకోవచ్చు" అంది. నేను కాదనలేదు. ఆ కాగితాన్ని నేనే సాపు రాసి ఇచ్చాను. ఆనాటి నా మౌనాన్ని ఏమనాలో చాలాకాలం తెలియలేదు.

విద్యా మనోవిజ్ఞాన శాస్త్రం దానికొక పేరు సిద్ధంగా ఉంచిందని తర్వాత తెలిసింది.

బి.ఇడి. చదివిన వాళ్లందరికీ 'సాధనా ప్రేరణ' పాఠం గుర్తుండే ఉంటుంది. డేవిడ్ మెక్లెలండ్, ఆయన సహచరులు 1953లో ప్రచురించిన పుస్తకంతో అది స్థిరపడింది. బొమ్మ చూపించి కథ రాయమంటారు. గెలవాలన్న తపన ఆ కథలో ఎంత ఉందో లెక్కగడతారు. ఇది తెలివితేటలకీ నాయకత్వానికీ పరీక్ష అని ముందే చెబితే మగ విద్యార్థుల కథల్లో ఆ తపన పెరిగింది. ఆడపిల్లల కథల్లో అలా పెరగలేదు. అప్పుడు కొలబద్దని అనుమానించాల్సింది పోయి ఆడవాళ్లని పక్కన పెట్టారు. అరవయ్యవ దశకంలో ఈ సిద్ధాంతం మా కాకినాడకీ వచ్చింది. హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థతో కలిసి మెక్లెలండ్ బృందం అక్కడి వ్యాపారులకు తరగతులు పెట్టింది. అదే ఊళ్లో మా అమ్మ అప్పుడు అక్షరాలు దిద్దుతున్న పిల్ల.

పక్కన పెట్టిన ఆ ప్రశ్నని 1968లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో తన డాక్టరేట్ కోసం చేతికెత్తుకున్నది మటీనా హోర్నర్. మొదటి టర్మ్ పరీక్షల్లో యాన్ తన వైద్య కళాశాల తరగతిలో అందరికంటే ముందుంది, కథ కొనసాగించండి అని 90 మంది ఆడపిల్లల్ని అడిగింది. 88 మంది మగపిల్లలకు యాన్ బదులు జాన్ పేరు ఇచ్చింది. జాన్‌కి బంగారు భవిష్యత్తు దొరికింది. యాన్ మాత్రం ఒంటరిదైంది, చదువు మానేసింది, ఒక కథలో తోటివాళ్ల చేతిలో దెబ్బలు తింది. అసలు యాన్ అనే మనిషే లేదని రాసినవాళ్లూ ఉన్నారు. అమ్మాయిల్లో 65 శాతం, అబ్బాయిల్లో పది శాతం లోపు ఇలాంటి కథలు రాశారు. హోర్నర్ దీనికి 'గెలుపు భయం' అని పేరు పెట్టింది.

సాహిత్య విద్యార్థిగా నాకిక్కడే పేచీ. పాత్రకి జరిగినదాన్నంతా రచయిత్రి మనసులోని జబ్బుగా చదవడం ఏ విమర్శ? 1974లో మోనహాన్, కున్, షేవర్ అనే పరిశోధకులు మగపిల్లలకీ యాన్ కథ ఇచ్చి చూశారు. వాళ్లు కూడా యాన్‌కి కష్టాలే రాశారు. అంటే ఆ భయం రాసిన పిల్లలది కాదు, యాన్ బతుకుతున్న లోకంలో ఉన్నది. ఆ భయానికి మూలం సమాజమేనని హోర్నర్‌కీ తెలుసు. కానీ పేరు మాత్రం ఆడపిల్ల మనసుకి అంటుకుంది. పత్రికలు దాన్నే మోసుకు తిరిగాయి.

పేరు పెట్టడం నీతికి సంబంధించిన పని. 'భయం' అంటే మందు ఆడపిల్లకి వెయ్యాలి. 'ఖరీదు' అంటే అది ఎవరు వసూలు చేస్తున్నారో అడగాలి.

ఈమధ్య అమ్మని అడిగాను, ఆరోజు భయపడ్డావా అని. "భయమెందుకే? లెక్క చూసుకున్నాను" అంది. ఆ లెక్క తప్పని నేననలేను. అలాంటి లెక్క ఆడపిల్లల తల్లులే వేసుకోవాల్సి రావడం తప్పు.

క్లాసులో అమ్మాయిలకి "ధైర్యంగా చదవండి" అని చెప్పడం నాకు అలవాటు. ఖరీదు దాచిపెట్టి ప్రేరణ ఇవ్వడం మోసమనిపిస్తోంది ఇప్పుడు. అందుకే యాన్ కథతో పాటు నా కాగితం కథ కూడా చెబుతున్నాను. చెప్పాక, జాన్ చెల్లించని ఆ ఖరీదు గురించి మగపిల్లల్నీ రాయమంటున్నాను.