స్టోన్‌వాల్: మెల్‌బోర్న్ సభలో లేచిన గోడ

పని ముందుకు సాగనివ్వని వాణ్ని "సైంధవుడిలా అడ్డుపడుతున్నాడు" అనడం తెలుగు పేపర్లకు ఎంత అలవాటంటే, భారతం చదవని వాళ్లకి కూడా అర్థమైపోతుంది. పద్మవ్యూహం దగ్గర అభిమన్యుడి వెనకాల పాండవుల్ని వెళ్లనివ్వని సింధు రాజు పేరది. ఇక్కడ పెండిల్ హిల్‌లో వార్తలు వింటుంటే నాకు అదే అర్థంలో తరచూ వినబడే మాట స్టోన్‌వాల్. ప్రశ్న వేస్తే మంత్రిగారు స్టోన్‌వాల్ చేశారు, వివరాలడిగితే ఆఫీసు స్టోన్‌వాల్ చేసింది. అంటే రాతిగోడే. కానీ దీని వెనకాల కూడా ఒక యోధుడి నీడ ఉంది.

1861 జూలై 21, అమెరికా అంతర్యుద్ధంలో బుల్ రన్ పోరు. బానిసత్వాన్ని కాపాడుకోవాలన్న దక్షిణాది సైన్యంలో జనరల్ బీ అనే ఆయన, తోటి జనరల్ జాక్సన్‌ని చూపించి, రాతిగోడలా నిలబడ్డాడు చూడండి అన్నాడట. ఆ రోజు నుంచి ఆయన స్టోన్‌వాల్ జాక్సన్. అది మెచ్చుకోలేనా? సాయానికి రాకుండా గోడలా నిలబడిపోయాడన్న విసుగేమో అని కూడా కొందరంటారు. అడుగుదామంటే బీ ఆ పోరులోనే గాయపడి మర్నాడు చనిపోయాడు.

ఈ మాట రాజకీయాల్లోకి దిగింది మాత్రం ఆస్ట్రేలియాలో. నాకు అసలు రుచించిన కథ ఇదే. 1875లో విక్టోరియా ప్రీమియర్ గ్రాహం బెర్రీ పెద్ద భూస్వాముల మీద పన్ను వేద్దామన్నాడు. సభలో ఓడిపోయాడు. "అయితే ఎన్నికలు పెట్టండి, జనాన్నే అడుగుదాం" అన్నాడు. తాత్కాలిక గవర్నర్ స్టావెల్ ఒప్పుకోలేదు. మెకల్లక్ గద్దెనెక్కాడు. ఇంకేముంది, బెర్రీ వర్గం ప్రసంగాలు సాగదీస్తూ సభని కదలనివ్వలేదు. 1876 జనవరిలో పేటన్ స్మిత్ అనే సభ్యుడు లేచి, ప్రగతినంతా ఆపడానికి కట్టిన రాతిగోడ అంటున్నారే, అది మీ పక్కన కూర్చున్న ఈ ఆరుగురేనా అని బెర్రీని ఎద్దేవా చేశాడు. రాజకీయంగా ఈ మాటకి దొరికే తొలి సాక్ష్యాల్లో అదొకటి.

గోడని పడగొట్టడానికి మెకల్లక్ ఓ కొత్త నిబంధన తెచ్చాడు: ఇక చర్చ చాలని తీర్మానం పెట్టి నోళ్లు మూయించొచ్చు. జనం దానికి "ఉక్కు చెయ్యి" అని పేరు పెట్టారు. 1877 మేలో ఎన్నికలు జరిగాయి. ప్రగతికి అడ్డం అనిపించుకున్న బెర్రీ వర్గమే ఘనంగా గెలిచింది! మెకల్లక్ వైపు నుంచి చూస్తే గోడ, ఓటర్ల వైపు నుంచి చూస్తే తమ కోసం కాచుకున్న మనిషి. మన సైంధవుడికి ఇలాంటి రెండో వైపు లేదు పాపం, మర్నాడు సూర్యాస్తమయంలోపే అర్జునుడు లెక్క తేల్చేశాడు.

క్రికెట్‌లోనూ ఇదే మాట. 1892లో సిడ్నీ టెస్టులో అలెక్ బ్యానర్‌మన్ ఏడు గంటలు పైగా నిలబడి 91 పరుగులు చేశాడు. అటెవెల్ వేసిన 204 బంతుల్లో ఐదింటికే పరుగు తీశాడు. (ఈయన అన్న ఛార్లెస్సే టెస్టుల్లో మొట్టమొదటి సెంచరీ కొట్టినవాడు. ఒకే ఇంట్లో రెండు రకాలు.) చూసేవాళ్లకి ఎంత విసుగొచ్చిందో గానీ, మొదటి ఇన్నింగ్స్‌లో వెనకబడ్డ ఆస్ట్రేలియా ఆ మ్యాచ్ 72 పరుగుల తేడాతో గెలిచింది.