దుప్పటి సంగతి ఎవరూ చెప్పలేదు

మా పెద్దమ్మ కూతురు పోయిన సంవత్సరం పై చదువుకు జర్మనీ వెళ్ళింది. వెళ్ళే ముందు ఇంట్లో ఒకటే చర్చ. హాస్టల్లో ఒంటరిగా గది తీసుకోవాలా, లేక అక్కడి కుటుంబం ఒకరింట్లో ఉండాలా అని. "ఒకరింట్లో అయితే మొహమాటం, గది అయితే మన ఇష్టం" అంది అక్క. మా అవ్వ మాత్రం "గదిలో ఉంటే తిన్నావా అని అడిగేవాళ్ళు ఎవరే?" అంది. ఆ మాటకి నాకు మా లెక్కల టీచర్ చెప్పిన శ్రీనివాస రామానుజన్ గారి కథ గుర్తొచ్చింది. నూరేళ్ళకు పైగా కిందట మన మద్రాసు నుంచే వెళ్ళిన ఆయన ఆ రెండు రకాలుగానూ బతికి చూశారు.

రామానుజన్ 1887లో ఈరోడ్‌లో పుట్టి, కుంభకోణంలో పెరిగారు. మద్రాసు పోర్టు ట్రస్టులో గుమాస్తాగా ఉంటూ 1913లో కేంబ్రిడ్జిలోని హార్డీ అనే గణిత ఆచార్యుడికి తన లెక్కలు రాసి పంపారు. హార్డీ రమ్మన్నారు. కానీ ఆ రోజుల్లో సముద్రం దాటడమంటే ఆచారం తప్పడమే. తల్లి మొదట ఒప్పుకోలేదు. 1914 మొదట్లో ఉపన్యాసాలు ఇవ్వడానికి మద్రాసు వచ్చిన నెవిల్ అనే యువ ఆచార్యుడు రామానుజన్‌తో మాట్లాడారు. చివరికి తల్లీ ఒప్పుకుంది. ప్రయాణానికి ముందు ఆయన పిలక తీయించుకోవాల్సి వచ్చింది. భార్య జానకి ఇక్కడే అత్తగారి దగ్గర ఉండిపోయింది. 1914 మార్చి 17న ఓడ బయలుదేరింది. అప్పుడు ఆయనకి 26 ఏళ్ళు.

ఏప్రిల్ 14న లండన్‌లో దిగితే నెవిల్ గారే కారు తీసుకొని ఎదురొచ్చారు. కొద్ది రోజుల తర్వాత కేంబ్రిడ్జిలో చెస్టర్టన్ రోడ్డులో ఉన్న తమ ఇంటికే తీసుకెళ్ళారు. అక్కడ నెవిల్ గారు, ఆయన భార్య ఆలిస్ గారు ఆయన్ని సుమారు ఆరు వారాలు తమతోనే ఉంచుకున్నారు. కష్టాలు లేవని కాదు. బూట్లు వేసుకోవడం అలవాటు లేని కాళ్ళు, పాపం, నొప్పి పుట్టేవి. అక్కడి కూరగాయలు నోటికి పట్టేవి కావు. అయినా ఇంట్లో మనుషులు ఉన్నారు. కుంటుతూ నడిచినా, కంచంలో అన్నం మిగిలినా చూసేవాళ్ళు ఉన్నారు.

జూన్‌లో ఆయన ట్రినిటీ కాలేజీ గదులకు మారారు. హార్డీ గారికి దగ్గర, చదువుకు సౌకర్యం. కానీ కాలేజీ భోజనశాలలో ఆయన తినలేదు. శాకాహారం విషయంలో ఆయన చాలా పట్టుదల మనిషి. కూరలు కూడా కొవ్వుతో వండుతారేమోనని అనుమానం. గదిలోనే సొంతంగా వండుకునేవారు. మద్రాసు నుంచి చింతపండు లాంటివి పార్శిల్లో వచ్చేవి. జూలై చివర్లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. పార్శిళ్ళకూ, కూరగాయలకూ ఇబ్బంది వచ్చింది. లెక్కల్లో పడితే వేళకి వండుకోవడమూ లేదు, తినడమూ లేదు.

నన్ను బాగా కదిలించింది దుప్పటి సంగతి. అప్పుడు కేంబ్రిడ్జిలోనే చదువుతున్న మహలనోబిస్ గారు (తర్వాత కలకత్తాలో గణాంక శాస్త్ర సంస్థ పెట్టినాయన) ఒకరోజు రామానుజన్ గదికి వెళ్ళారు. రాత్రుళ్ళు చలి ఆగడం లేదని, ఓవర్‌కోటు వేసుకొని శాలువా కప్పుకొని పడుకుంటున్నానని రామానుజన్ చెప్పారు. దుప్పట్లు చాలలేదేమోనని మహలనోబిస్ పడకగదిలోకి వెళ్ళి చూశారు. చూస్తే కావలసినన్ని దుప్పట్లు ఉన్నాయి! ఇంగ్లీషువాళ్ళ పద్ధతిలో వాటి అంచులు పరుపు కిందకి బిగించి ఉన్నాయి. అవి లాగి మధ్యలో దూరి పడుకోవాలని ఆయనకి తెలియదు. ఇన్నాళ్ళూ వాటి పైనే పడుకుంటున్నారు. ప్రపంచంలో ఎవరికీ తోచని సూత్రాలు తోచిన మనిషికి మంచం ఎలా వాడాలో ఎవరూ చెప్పలేదు. ఆయనా ఎవర్నీ అడగలేదు. నెవిల్ గారింట్లో అయితే ఒక్కరోజులో తెలిసిపోయేదేమో అనిపిస్తుంది నాకు.

ఆయన కలివిడిగా ఉండేవారు కాదని కాదు. స్నేహితుల్ని పిలిచి చారు కాచి వడ్డించేవారు. ఒకసారి అతిథులు ఇంక చాలు, వద్దు అన్నందుకు మనసు కష్టపెట్టుకొని చెప్పకుండా ఊరు వదిలి ఆక్స్‌ఫర్డ్ వెళ్ళిపోయారట! మొదట చదివినప్పుడు నవ్వొచ్చింది. తర్వాత ఆలోచిస్తే, ఇల్లు ఎంత గుర్తొస్తే చారు గురించి అంత బాధ పడతారో అర్థమైంది.

1917లో ఆయనకి పెద్ద జబ్బు చేసింది. 1918లో రాయల్ సొసైటీ సభ్యత్వం, ట్రినిటీ ఫెలోషిప్ రెండూ వచ్చాయి గానీ ఆరోగ్యం తిరిగి రాలేదు. 1919లో మద్రాసు వచ్చేశారు. 1920 ఏప్రిల్ 26న 32 ఏళ్ళకే కన్నుమూశారు. అప్పటి డాక్టర్లు క్షయ అనుకున్నారు. కాలేయంలో అమీబా వల్ల వచ్చిన జబ్బు కావచ్చని తర్వాతి వాళ్ళు కొందరు అన్నారు. కాబట్టి చలీ, ఒంటరితనమే ఆయన్ని తీసుకెళ్ళాయి అని నేను రాయను. కానీ ఆ ఐదేళ్ళలో ఆయన పడ్డ కష్టాల్లో కొన్ని, పక్కన ఒక మనిషి ఉంటే తీరిపోయేవే.

ఈ కథంతా అక్కకి చెప్పాను. ఏమీ అనలేదు. చివరికి ఒక ముసలి దంపతుల ఇంట్లో గది తీసుకుంది. వెళ్ళిన వారానికి ఫోన్ చేసి, "ఇక్కడ హీటర్ ఎలా తిప్పాలో తెలీక మొదటి రాత్రి స్వెటర్‌తో పడుకున్నాను. పొద్దున్నే ఆంటీని అడిగేశాను. ఆమె నవ్వలేదు, నేర్పించింది" అంది. పక్కనుంచి మా అవ్వ ఫోన్ లాక్కొని అడిగిన మొదటి మాట మీకు తెలిసిందే: "తిన్నావా?"