ప్లానుకు సంతకం ఎవరిది?

తణుకులో ఇల్లు కట్టదలచినవారు ఇప్పుడు మొదట వెళ్లేది మున్సిపల్ ఆఫీసుకు కాదు, ఎల్‌టీపీ దగ్గరికి. లైసెన్స్‌డ్ టెక్నికల్ పర్సన్ అనే ఈ ఇంజనీరు పురపాలక ఉద్యోగి కాడు. లైసెన్సు అధికారులిస్తారు, ఫీజు ఇంటి యజమాని ఇస్తాడు. స్థలం కొలిచి, ప్లాను గీసి, అంతా నిబంధనల ప్రకారమే ఉందని సంతకం పెట్టేది ఈయనే.

ఈ ప్రాంతంలో పట్టణ పాలన ఏలూరుతో మొదలైంది. 1865 నాటి మద్రాసు చట్టం కింద 1866లో అక్కడ పురపాలక సంఘం ఏర్పడింది. తాడేపల్లిగూడేనికి 1958లో ఆ హోదా దక్కింది, తణుకుకు ఇంకా తరువాత. తొలినాళ్లలో ఇళ్ల మీద ఆంక్షలంటే మురుగు పారుదల, వీధి హద్దు, నిప్పంటుకునే తాటాకు కప్పులు. పరంజా ఎక్కి లెక్క చూసే ఇంజనీర్లు ఆ కార్యాలయాల్లో ఎన్నడూ తగినంతమంది లేరు. బొంబాయి నగరం 1888 చట్టంలోనే సర్వేయర్లకు లైసెన్సులిచ్చే ఏర్పాటు చేసుకుంది. బయటి నిపుణుడి మీద ఆధారపడటం మన దేశానికి కొత్త కాదు.

1965 ఆంధ్రప్రదేశ్ మున్సిపాలిటీల చట్టం వచ్చాక కూడా దశాబ్దాల తరబడి పద్ధతి ఒకటే: నీలం ప్రింట్ల కట్ట, బిల్డింగ్ ఇన్‌స్పెక్టర్, ఎదురుచూపు. కాగితం మీద వదిలిన ఖాళీ స్థలం కట్టడంలో మాయమయ్యేది. 2006లో హైదరాబాద్ కోసం తెచ్చిన నిబంధనలు గట్టి షరతు పెట్టాయి. నిర్మాణంలో పది శాతం విస్తీర్ణాన్ని ముందే అధికారులకు తనఖా పెట్టాలి, నివాసయోగ్యత పత్రం వచ్చాకే అది విడుదలవుతుంది. చిన్న ఇళ్లకు మినహాయింపు ఉంది. ఆ షరతు తరువాత మిగతా పట్టణాలకూ వచ్చింది. మరోపక్క 2007 చివర్లో అక్రమ కట్టడాలను జరిమానాతో క్రమబద్ధీకరించే పథకమూ వచ్చింది, 2015లో ఇంకోసారి వచ్చింది. ఒక చేత్తో బిగించి రెండో చేత్తో వదలడం ఈ చరిత్ర పొడవునా కనిపిస్తుంది.

2016 నుంచి దరఖాస్తులు ఆన్‌లైన్‌కు మారాయి. ఎల్‌టీపీ పంపిన డ్రాయింగును సాఫ్ట్‌వేరే కొలుస్తుంది: సెట్‌బ్యాకులు (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ), ఎత్తు, పార్కింగు. నేల సంగతి మాత్రం దానికి తెలియదు. గోదావరి డెల్టా బంకమన్ను తడికి ఉబ్బి, ఎండకు పగులుతుంది. తణుకులో గోడ బీట తీస్తే కారణం చాలాసార్లు సెట్‌బ్యాకు కాదు, పునాది.

తెలంగాణ 2020లో టీఎస్-బీపాస్ చట్టంతో 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో పది మీటర్ల ఎత్తు దాకా, దరఖాస్తుదారు హామీ మీదే అనుమతి ఇచ్చే స్వీయ ధ్రువీకరణ తెచ్చింది. 2025లో ఆంధ్రప్రదేశ్ దాన్ని 18 మీటర్ల లోపు భవనాలకు అమలు చేయడం మొదలుపెట్టింది. తప్పు తేలితే ఎల్‌టీపీ లైసెన్సు పోతుంది.

ఇంగ్లండ్ అనుభవం ఇక్కడ పనికొస్తుంది. 1984 చట్టంతో అక్కడ ప్రైవేటు తనిఖీదారులకూ అధికారం దక్కింది, యజమాని తనకు నచ్చినవారిని పెట్టుకునేవాడు. 2017లో అగ్నిప్రమాదంలో 72 మంది చనిపోయిన గ్రెన్‌ఫెల్ టవర్‌ను తనిఖీ చేసింది మాత్రం స్థానిక కౌన్సిల్ సిబ్బందే. అంటే ప్రభుత్వ సంతకమూ ప్రాణాలకు హామీ కాలేదు. 2022 చట్టం తరువాత 18 మీటర్లు, ఆపైన ఎత్తున్న నివాస భవనాలకు తనిఖీదారును యజమాని ఎంచుకునే వీలు లేదు.

తనిఖీదారును ఎవరు ఎంచుకోవాలన్న మెలిక మన దగ్గర ఇంకా తేలలేదు. 2014లో చెన్నై మౌలివాకంలో కడుతున్న పదకొండంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు, వారిలో ఉత్తరాంధ్ర కూలీలు చాలామంది. ప్లాను కాగితం ఆ భవనాన్ని నిలబెట్టలేదు. పునాది గోతిలో ఇనుము కట్టిన రోజున, కాంక్రీటు పోయకముందే, యజమాని డబ్బుతో సంబంధం లేని ఇంజనీరు ఒకరు వచ్చి చూసే ఏర్పాటు లేనంతవరకు స్వీయ ధ్రువీకరణ వల్ల ఆదా అయ్యేది సమయమొక్కటే.